కర్రకి ఈఎంఐ కట్టినా స్కోరు తగ్గలేదు!

"కర్రకి వాయిదాలేంట్రా?" అంది అమ్మ, తెనాలి నుంచి వీడియో కాల్‌లో.

అమ్మ కర్ర అన్నది నా గోల్ఫ్ డ్రైవర్‌ని. నెలకి 4,000 చొప్పున 12 నెలల ఈఎంఐ. ఇంకా 4 మిగిలాయి. "ఇది మామూలు కర్ర కాదమ్మా, బంతి 20 గజాలు ఎక్కువ పోతుంది" అని చెప్పాను. "ఎక్కువ దూరం పోతే వెతుక్కోవడం ఇంకా కష్టం కదరా" అంది. అప్పుడు పగలబడి నవ్వాను. రెండు నెలల్లో పొదల్లో పోగొట్టుకున్న బంతుల ఖర్చు లెక్కేసుకున్నాక మాత్రం నవ్వు రాలేదు.

ఈ వారం కాలమ్ గోల్ఫ్ గురించి అనగానే "పెద్దోళ్ల ఆట, మనకెందుకులే" అని స్క్రోల్ చేసేయకండి. రెండేళ్ల కిందటి వరకు నాదీ అదే మాట. మా డైరెక్టర్ ఓ శనివారం గెస్టుగా తీసుకెళ్తే, ఉచితంగా టిఫిన్ దొరుకుతుందని వెళ్లాను. ఏడో బంతి సరిగ్గా తగిలింది. టక్‌మని ఒక శబ్దం. అంతే, ఇరుక్కుపోయాను. ఆ ఒక్క శబ్దం కోసం తర్వాత ఎన్ని వందల చెత్త షాట్లు కొట్టానో లెక్కే లేదు.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 18 హోల్స్ ఉంటాయి. ఒక్కో హోల్‌కి ఇన్ని షాట్లలో పూర్తి చేయాలని ఒక లెక్క ఉంటుంది, దాన్ని పార్ అంటారు. పార్ 3, పార్ 4, పార్ 5. అన్నీ కలిపితే చాలా కోర్సుల్లో 72. దూరాలన్నీ గజాల్లోనే. హైదరాబాద్‌లో గజం అనగానే ప్లాటు రేటు గుర్తొస్తుంది కాబట్టి ఇకనుంచి యార్డులు అంటాను. 100 యార్డులంటే 91 మీటర్ల పైచిలుకు. నాలాంటి వాడికి మొదటి కల 100 కంటే తక్కువ షాట్లలో 18 హోల్స్ ముగించడం. క్రికెట్‌లో సెంచరీ కొడితే పండగ, ఇక్కడ సెంచరీ తప్పించుకుంటే పండగ.

నేను 17 హోల్స్ అయ్యేసరికి 93 మీద ఉన్నాను. మొదటిసారి అంత దగ్గరికి రావడం. చివరిది పార్ 4, 380 యార్డులు. 6 కొడితే 99. పార్ కంటే రెండు ఎక్కువ కొట్టినా కల నెరవేరినట్టే.

మా క్యాడీ అన్న ఎప్పటినుంచో అదే కోర్సులో బ్యాగులు మోస్తున్నాడు. ఆయన బ్యాగులోంచి చిన్న క్లబ్ తీసి పట్టుకున్నాడు. "సార్, గీ ఒక్క హోల్‌కి పెద్ద కర్ర బందు పెట్టుండ్రి" అన్నాడు. నేను వింటానా? ఈఎంఐ కడుతున్నది దేనికి? డ్రైవర్ లాక్కుని శక్తికొద్దీ ఊపాను. బంతి కుడివైపు చెట్లలోకి పోయింది. ఒకటి.

చెట్ల మధ్య కిటికీ అంత సందు కనిపించింది. అందులోంచి తీసి నేరుగా గ్రీన్ మీద పడేద్దామనుకున్నా. బంతి వేపచెట్టు మానుకి తగిలి నా వైపే వచ్చింది. రెండు. అప్పుడు బుద్ధి వచ్చి పక్కకి, ఫెయిర్‌వే మీదకి తోశాను. మూడు. గ్రీన్ మధ్యకి 70 యార్డులు. ముందు ఎడమవైపు చిన్న చెరువు. చేతిలో శాండ్ వెడ్జ్. దాంతో గట్టిగా కొడితే 80 పోతుందని తెలుసు. 70 కదా, కొంచెం తగ్గించి కొడదాం అనుకున్నాను.

ఆ "కొంచెం" దగ్గరే మునిగాను, అక్షరాలా. చేతులు మొత్తం పైకెత్తి, కిందకి వచ్చేటప్పుడు భయమేసి బ్రేకు వేశాను. క్లబ్ బంతికి ముందే నేలని తవ్వింది. బంతి బద్ధకంగా లేచి చెరువులో పడింది. నాలుగు. పెనాల్టీ ఐదు. ఇంకో బంతి పెట్టి, ఈసారి కసిగా కొడితే గ్రీన్ దాటి వెనక్కి పోయింది. ఆరు. చిప్ ఏడు. రెండు పుట్‌లు. తొమ్మిది. మొత్తం 102.

బ్యాగు భుజానేసుకుని వస్తూ క్యాడీ అన్న మెల్లగా అన్నాడు: "ఒక చాయ్ పోయింది సార్." ఏంటని అడిగితే చెప్పాడు. చివరి హోల్ మీదికి మా గుంపు వచ్చినప్పుడల్లా క్యాడీలందరూ చాయ్ పందెం వేసుకుంటారట, ఈ సారు నీళ్లలో వేస్తాడా వేయడా అని. అందరూ "వేస్తాడు" అంటే, ఈయనొక్కడే నా తరఫున "వేయడు" అన్నాడట. 99 పోయినందుకంటే ఆ చాయ్ పోయినందుకే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

ఇంటికొచ్చి ఓదార్పు కోసం 1999 బ్రిటిష్ ఓపెన్ వీడియో పెట్టుకున్నా. స్కాట్లాండ్‌లోని కార్నూస్టీ. ఫ్రెంచ్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ ఆఖరి హోల్‌కి వచ్చేసరికి 3 షాట్ల ఆధిక్యం. అదీ పార్ 4, అతనికీ 6 చాలు. మూడు చిన్న షాట్లు, మూడు పుట్‌లు, ట్రోఫీ ఇంటికి. కానీ డ్రైవర్ తీశాడు. బంతి పక్కకి పోయినా అదృష్టం కొద్దీ బతికింది. అయినా ఆగలేదు, ఐరన్‌తో గ్రీన్ మీదకే కొట్టాడు. బంతి స్టాండ్స్‌కి తగిలి వెనక్కొచ్చి పొడవాటి గడ్డిలో పడింది. తర్వాతిది వాగులోకి. ప్యాంటు పైకి మడిచి, బూట్లు విప్పి నీళ్లలో నిలబడ్డ ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. చివరికి 7 కొట్టాడు. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు. అంతటివాడికే అలా అయింది, నాకు కాకపోతే ఆశ్చర్యం. కాసేపు హాయిగా అనిపించింది.

ఆ హాయి సోమవారం వరకే. మన రోగం మనకి తెలుసు కదా, ఏదైనా ఫెయిలైతే ముందు లాగ్స్ చూడాలి. గుర్తున్న ప్రతి షాట్‌నీ షీట్‌లో ఎక్కించాను. 102లో డ్రైవర్ షాట్లు 13. 100 యార్డుల బయటనుంచి కొట్టినవి అన్నీ కలిపి 39. లోపల పెనాల్టీతో సహా 27, పుట్‌లు 36. అంటే 63 షాట్లు ఆఖరి 100 యార్డుల్లోనే.

ఇక్కడ ఒక మాట. ఈ 63 చూసి "చూశారా, ఆటంతా వెడ్జ్‌లోనే ఉంది" అనేస్తే తప్పు లెక్క. ఎంత గొప్ప ఆటగాడైనా పుట్‌లు కొట్టాల్సిందే కదా. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ అమెరికా పీజీఏ టూర్ డేటా అంతా జల్లెడ పట్టి, మంచి ఆటగాళ్లకీ మామూలు ఆటగాళ్లకీ మధ్య తేడాలో దాదాపు మూడింట రెండొంతులు దూరపు షాట్లలోనే వస్తుందని తేల్చాడు. కాబట్టి ఎన్ని కొట్టాం అనేది కాదు, ఎన్ని వృథా చేశాం అనేది చూడాలి. 100 యార్డుల లోపలికి వచ్చాక ఒక షాట్‌తో గ్రీన్ మీదకి, రెండు పుట్‌లు, మొత్తం మూడు అని నాకు నేనే ఒక బడ్జెట్ పెట్టుకున్నా. 18 హోల్స్‌కి 54. నేను వాడింది 63. వృథా 9. డ్రైవర్ చెట్లలోకి పోయి, బయటకి తీయడానికే ఖర్చయినవి ఇంకో 5.

ఆ 9లో ఎక్కువ భాగం ఒకే రకం తప్పు. 40, 55, 70 లాంటి మధ్య దూరాలు. నా దగ్గర రెండే వెడ్జ్‌లుండేవి. ఐరన్ సెట్‌తో వచ్చిన పిచింగ్ వెడ్జ్, గట్టిగా కొడితే 110. శాండ్ వెడ్జ్, గట్టిగా కొడితే 80. ఈ రెండు అంకెలు తప్ప నాకు ఇంకో దూరం తెలియదు. మిగతావన్నీ "కొంచెం తగ్గించి", "కొంచెం పెంచి". వంట రానివాడు ఉప్పు వేసినట్టు.

చిన్నప్పుడు గోళీలాటలో ఎవడైనా ప్రతి గోళీనీ వేలు విరిగేలా కొడతాడా? క్యారమ్స్‌లో జేబు అంచున ఉన్న కాయిన్‌ని స్ట్రైకర్‌తో ఎంత మెల్లగా తాకించాలో మనకి ఎవరూ నేర్పలేదు, అయినా వచ్చు. గోల్ఫ్ కర్ర చేతికి రాగానే ఆ తెలివి ఎటు పోతుందో అర్థం కాదు.

దీనికి లెక్కలో పెట్టిన మందు ఒకటుంది. డేవ్ పెల్జ్ అనే ఆయన నాసాలో భౌతికశాస్త్రవేత్తగా పనిచేసి, ఆ ఉద్యోగం మానేసి గోల్ఫ్ షాట్లని కొలవడం మొదలుపెట్టాడు. టామ్ కైట్, ఫిల్ మికల్సన్ లాంటివాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆయన పద్ధతి విని "ఇంతేనా!" అనుకున్నా. ఎదురుగా గోడ గడియారం ఉందనుకోండి. మీరు కుడిచేతి వాటమైతే, క్లబ్ వెనక్కి ఎత్తినప్పుడు ఎడమ చెయ్యి గంటల ముల్లు. 7:30 దగ్గర ఆపితే ఒక దూరం, 9 దగ్గర ఒకటి, 10:30 దగ్గర ఒకటి. వేగం తగ్గించడం, పెంచడం ఉండదు. మూడింటికీ ఒకే తాళం, చివరిదాకా పూర్తిగా ఊపడమే. మారేది ఎంత వెనక్కి ఎత్తాం అన్నది మాత్రమే. మూడు ఊపులు, నాలుగు వెడ్జ్‌లు, మొత్తం 12 దూరాలు చేతిలో ఉంటాయి. మనం ఆఫీసులో వేరియబుల్స్ తగ్గించమని తల బాదుకునేది ఇందుకే కదా.

మా క్యాడీ అన్నకి పెల్జ్ ఎవరో తెలియదు. కానీ నా 70 యార్డుల ఘనకార్యం చూసిన రోజే అన్నాడు: "ఎత్తుడు చిన్నగ ఎత్తుండ్రి సార్. కొట్టుడు మాత్రం భయపడకుండ్రి." పెల్జ్ పుస్తకం నేను తర్వాత చదివాను. ఈ రెండు వాక్యాల్లో అందులోది సగం ఉంది.

వెడ్జ్ కొనేముందు ఒకసారి మీ సెట్ వివరాలు చూసుకోండి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. క్లబ్ ముఖం ఎంత వాలుగా ఉందో డిగ్రీల్లో చెబుతారు, దాన్ని లాఫ్ట్ అంటారు. ఇప్పటి ఐరన్ సెట్లలో దూరం ఎక్కువ వస్తుందని చూపించుకోవడానికి లాఫ్ట్‌లు బాగా తగ్గించేశారు. నా పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీలు, శాండ్ వెడ్జ్ 56. మధ్యలో 12 డిగ్రీలు ఖాళీ! 110కీ 80కీ నడుమ ఏమీ లేకపోవడానికి కారణం నేను కాదు, కేటలాగ్. సెకండ్ హ్యాండ్‌లో 52 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ 5,500కి దొరికింది. నో ఈఎంఐ. అమ్మకి చెప్పలేదు.

తర్వాత ఆరు వారాలు, ఆఫీసయ్యాక వారానికి రెండు సాయంత్రాలు డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లాను. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇంటికి పోవడం కంటే అక్కడ గంటసేపు బంతులు కొట్టుకోవడమే నయం. పక్క మ్యాట్‌ల మీద అందరూ డ్రైవర్లతో ఢాం ఢాం అని కొడుతుంటే, నేను 40 యార్డుల దగ్గర బంతులు పారేస్తూ ఉండేవాణ్ని. ఒక అంకుల్ జాలిగా చూసి "బాబూ, గ్రిప్ మార్చుకో, దూరం పోతుంది" అని సలహా కూడా ఇచ్చాడు. థాంక్స్ అంకుల్ అన్నా.

ఒక్కో వెడ్జ్, ఒక్కో గంట, పదేసి బంతులు. అన్నిటికంటే దూరం పోయినదాన్నీ, అన్నిటికంటే దగ్గర పడినదాన్నీ తీసేసి, మిగతావి సగటున ఎక్కడ నేలమీద పడ్డాయో రాసుకున్నా. దొర్లింది కలపలేదు, గాల్లో పోయిన దూరమే. తీసేయడం ముఖ్యం. ఎందుకంటే మన మెదడు దగ్గర ఒక మోసం ఉంది. ఎప్పుడో ఒకసారి గాలివాటుకి 90 పోయిందనుకోండి, "నా శాండ్ వెడ్జ్ 90" అని ప్రొఫైల్‌లో పెట్టేసుకుంటుంది. రేంజ్ బంతులు అరిగిపోయి ఉంటాయి, కొంచెం తక్కువ పోతాయి, కాబట్టి కోర్సులో నా సొంత బంతులతో ఒకసారి సరిచూసుకున్నా. చివరికి వచ్చిన అంకెలివి: 56 డిగ్రీలది 32, 55, 72. గ్యాప్ వెడ్జ్ 45, 70, 88. పిచింగ్ వెడ్జ్ 58, 85, 105. తెల్ల స్టిక్కర్ మీద రాసి క్లబ్‌లకి అంటించాను. మొన్నటిదాకా రెండు అంకెలున్నవాడికి తొమ్మిది. జీతం పెరిగినంత ఆనందం. నిజానికి జీతం అంత పెరగలేదు.

ఎండాకాలంలో ఒక తిరకాసుంది. మన దగ్గర నేల పలకలా గట్టిపడుతుంది, 70 దగ్గర పడిన బంతి ఎంత దొర్లుతుందో ఆ రోజు గ్రీన్‌నే అడగాలి. క్యాడీ అన్న మొదటి హోల్ దగ్గరే బూటు మడమతో నేలని రెండుసార్లు తట్టి చెబుతాడు. అందుకు యాప్ ఏదీ లేదు.

దూరం సంగతి అలా సర్దుకుంది. రెండోది, ఎటు కొట్టాలి అన్నది, నాకు ఇంకా కష్టమైంది. ఎందుకంటే అది చేతిలో కాదు, అహంలో ఉంది.

రేంజ్‌లో 7 ఐరన్‌తో 20 బంతులు ఒకే గురికి కొట్టి, పడినచోట్లు ఫొటో తీశాను. పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లినట్టుంది. ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ, వెడల్పు దాదాపు 30 యార్డులు. నేను ఇన్నాళ్లూ ఆ కళ్లాపిలో ఒకే ఒక్క మంచి చుక్కని చూసి "నా షాట్ ఇది" అనుకుంటూ జెండాకి గురిపెడుతున్నా. జెండా చెరువు పక్కన ఉంటే, సగం కళ్లాపి చెరువులోనే పడుతుంది. అది దురదృష్టం కాదు, డిస్ట్రిబ్యూషన్. గురిపెట్టాల్సింది జెండాకి కాదు. కళ్లాపి మొత్తం నీళ్లకి దూరంగా పడేచోటికి.

చేతిలో వెడ్జ్ ఉంది కదా అని ధీమా పనికిరాదు. 2018 మాస్టర్స్, అంతకుముందు ఏడాది ఛాంపియన్ సెర్హియో గార్సియా. అగస్టా 15వ హోల్, పార్ 5, గ్రీన్ ముందు చెరువు. మొదటి బంతి దూరం నుంచి కొట్టి నీళ్లలో వేశాడు. తర్వాత వెడ్జ్ దూరం నుంచి కొట్టినవి గ్రీన్ మీద పడి, స్పిన్‌కి వెనక్కి జారి, ఒకటి తర్వాత ఒకటి చెరువులోకి. మొత్తం ఐదు బంతులు. ఆ ఒక్క హోల్‌కి 13. నా తొమ్మిది ఏమాత్రం?

దీనికి సరిగ్గా ఎదురు కథ అదే మైదానంలో 2007లో జరిగింది. అయోవా నుంచి వచ్చిన జాక్ జాన్సన్ దూరం కొట్టేవాళ్లలో లేడు. అగస్టాలో రౌండుకి నాలుగు పార్ 5లు, నాలుగు రోజులకి 16. అందరూ రెండో షాట్‌కే గ్రీన్ చేరాలని చూసే హోల్స్ అవి. అతను 16కి 16 సార్లూ రెండో షాట్‌తో గ్రీన్ మీదకి ప్రయత్నించనే లేదు. ముందే ఆగి, మూడోది వెడ్జ్‌తో కొట్టాడు. ఫలితం ఆ 16 హోల్స్ మీద పార్ కంటే 11 తక్కువ, ఒక్క బోగీ లేదు. టైగర్ వుడ్స్‌ని రెండు షాట్లతో వెనకేసి గ్రీన్ జాకెట్ వేసుకున్నాడు.

ఈ కథ చదివి నేను కొన్ని వారాలు ప్రతిచోటా ఆగిపోయి, నాకిష్టమైన 88 యార్డులు మిగుల్చుకోవడం మొదలెట్టా. అదీ తప్పే. బ్రాడీ లెక్కల్లో పీజీఏ టూర్ ఆటగాడు ఫెయిర్‌వే మీద 100 యార్డుల నుంచి హోల్ ముగించడానికి సగటున 2.80 షాట్లు తీసుకుంటాడు. 80 నుంచి 2.75, 60 నుంచి 2.70, 40 నుంచి 2.60. దగ్గరయ్యేకొద్దీ తగ్గుతూనే ఉంది. ఊరికే వెనకాగితే లాభం లేదు. అయితే అదే పట్టికలో పక్క వరస చూడండి. పొడవాటి గడ్డిలోంచి, అంటే రఫ్‌లోంచి, 60 యార్డులకి 2.91. ఫెయిర్‌వే మీద 120 యార్డులకి 2.85. రెట్టింపు దూరంలో ఉన్నా, బంతి శుభ్రంగా ఉంటేనే మేలు! ప్రపంచంలో అందరికంటే బాగా ఆడేవాళ్ల అంకెలివి. గడ్డిలోంచి తీయడం రాని నాలాంటివాడికి తేడా ఇంకెంతుంటుందో ఊహించుకోండి. ఆ రోజునుంచి నా రూలు ఒక్కటే. నీళ్లు, చెట్లు, గడ్డి లేకపోతే వీలైనంత ముందుకి. ఉంటే వాటి ఇవతలే.

ఇందులో మనవాడి పేరు చెప్పకపోతే అన్యాయం. ఎస్‌ఎస్‌పీ చౌరాసియా. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే గ్రీన్‌కీపర్ కొడుకు. అక్కడే చూసి చూసి నేర్చుకున్నాడు. దూరం తక్కువ, చిప్పింగ్, పుటింగ్ అద్భుతం. అందుకే తోటివాళ్లు 'చిప్పుట్సియా' అని పేరు పెట్టారు. 2008లో ఇండియన్ మాస్టర్స్, 2011లో అవంతా మాస్టర్స్, 2016, 2017ల్లో వరసగా ఇండియన్ ఓపెన్. 2008, 2016 విజయాలు ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో వచ్చాయి. అక్కడ ఫెయిర్‌వేలకి రెండువైపులా దట్టమైన పొదలు. లోపలికి పోయిన బంతి బయటికి రావడం కష్టం. పెద్ద పెద్ద హిట్టర్లు కూడా అక్కడ డ్రైవర్‌ని బ్యాగులోనే ఉంచి ఐరన్‌తో మొదలుపెడతారు. అలాంటిచోట చౌరాసియాకి తన పొట్టి దూరం లోటే కాలేదు. నాకు మాస్టర్స్ హీరోల కంటే ఈయన కథే ఎక్కువ నచ్చుతుంది. మా క్యాడీ అన్నకి కూడా. "మనోడు" అంటాడు, ఎప్పుడూ కలవకపోయినా.

పోయిన శనివారం. పొద్దున 6:10కి మొదలుపెట్టాం. మంచు కాదు గానీ గడ్డి మీద తడి ఉంది. మధ్య హోల్స్ గురించి చెప్పి విసిగించను, పదకొండో హోల్‌లో బంకర్ నుంచి మూడుసార్లు కొట్టిన సంగతి అసలే చెప్పను. 17 అయ్యేసరికి 94. మళ్లీ అదే 18వ హోల్. ఈసారి 5 కొడితేనే 99.

క్యాడీ అన్న ఏమీ అనలేదు. నేనే డ్రైవర్ కవర్ మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగి, తీసేశాను. హైబ్రిడ్‌తో కొట్టా. 170, ఫెయిర్‌వే మధ్యలో. ఇంకా 210. మా డైరెక్టర్ తన బంతి దగ్గరనుంచి "3 వుడ్ కొట్టేయ్, దాటేస్తుంది!" అని అరిచాడు. దాటొచ్చు. పదిలో రెండుసార్లు. నా చేతిలోకి 7 ఐరన్ వచ్చింది, ఎవరిచ్చారో మీకు తెలుసు. కుడివైపు గురిపెట్టి 140 కొట్టా. మిగిలింది ఎంతో చెప్పమన్నట్టు చూశా.

"డెబ్బై ఉంటది సార్." నవ్వకుండా చెప్పాడు గానీ, కళ్లు నవ్వుతున్నాయి.

అదే 70. అదే చెరువు. జెండా ఎడమవైపు, నీళ్ల వెనకే పెట్టారు. గ్యాప్ వెడ్జ్ మీద స్టిక్కర్ చూసుకున్నా, మధ్య అంకె. గురి జెండాకి కాదు, గ్రీన్ మధ్యకి. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తోంది. చెయ్యి తొమ్మిది గంటల దగ్గర ఆగింది. కిందకి వచ్చేటప్పుడు బ్రేకు వేయలేదు. బంతి చెరువుకి కుడిగా, గాల్లో నిశ్శబ్దంగా పోయి, గ్రీన్ మధ్యలో పడి, రెండు గెంతులేసి ఆగింది. జెండాకి ఏడు మీటర్లు. అంత దూరం కొట్టిన ఏ డ్రైవర్ షాటూ నాకు అంత తృప్తినివ్వలేదు.

మూడు షాట్లయ్యాయి. రెండు పుట్‌లు చాలు.

మొదటి పుట్ మీటరు దూరంలో ఆగింది. రెండోది హోల్ అంచున గిర్రున సగం తిరిగి బయటికొచ్చింది. మూడోది లోపల పడింది. 100.

షీట్‌లో ఎక్కించాను. 100 యార్డుల లోపల 56. బడ్జెట్ కంటే రెండే ఎక్కువ. పుట్‌ల కోసం ఇంకో ట్యాబ్ తెరిచాను. వచ్చే శనివారం మళ్లీ 6:10కే.

ఆ రోజు క్లబ్‌హౌస్ వైపు నడుస్తూ నేను తల దించుకుని ఉంటే, క్యాడీ అన్న మాత్రం హుషారుగా ఉన్నాడు. "సారీ అన్నా, మళ్లీ పోయింది" అన్నాను.

"నాకేం పోలే సార్. నేను నూరు మీద పందెం పెట్టలే. నీళ్ల మీద పెట్టిన" అని, దూరంగా చెట్టు కింద కూర్చున్న మిగతా క్యాడీల వైపు చూసి నాలుగు వేళ్లు పైకెత్తాడు. నాలుగు చాయ్‌లు.